వంటచెఱకు: ఏ కట్టె యెట్లు మండును?

(రైతు సోదరుల కొఱకు చేసిన యుపన్యాసము)



విత్తనమును గూర్చియు, ఎరువును గూర్చియు మీరు పెక్కు ఉపన్యాసములు వినియున్నారు. పొయ్యిని గూర్చి మీతో ముచ్చటించువారు మాత్రము అరుదు. పొలము మగవారి పని, పొయ్యి ఆడువారి పని యని మనము పంచుకొని యుండుటయే దీనికి కారణము. కాని పొయ్యిలో మండునది మీ పొలము గట్టున పెరిగిన కట్టెయే. కట్టె లేనినాడు మండునది మీ పొలమునకు పోవలసిన పేడయే. కావున వంటచెఱకు వ్యవసాయ విషయమే కాని వేఱొకటి కాదు.

గ్యాసు పొయ్యిలు వచ్చిన పిమ్మట కట్టెల మాట యేల యని మీలో కొందఱు అడుగవచ్చును. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున దీపము పథకమును, 2016లో దేశమంతటను ఉజ్జ్వల పథకమును ఆరంభమైన తరువాత అనేక గృహములకు గ్యాసు చేరినమాట నిజమే. అయినను స్నానపు నీళ్ల కాగు క్రిందను, ఎద్దుల యులవల కుండ క్రిందను, పెండ్లినాటి గాడిపొయ్యిలోను, గ్యాసు బండ నిండుకొన్న దినములలోను నేటికిని కట్టెయే దిక్కు. బండ కొనుటకు చేత రూకలు లేని యింట ప్రతిపూటయు కట్టెయే.

నేను రెవిన్యూ శాఖలో తర్జుమా పని చేయువాడను గాని శాస్త్రజ్ఞుడను గాను. పండితులు వ్రాసినదానిని మీకు తెలిసిన మాటలలో చెప్పుటయే నా పని. ఇందులో ఒక చిక్కు కలదు. ఒక తాలూకాలో తిరుమాను అనబడు చెట్టును వేఱొక తాలూకాలో చిరుమాను అందురు. కావున పేరును మాత్రమే నమ్మక, చెట్టును చూచి గుర్తింపుడని ముందుగా మనవి చేయుచున్నాను.

కట్టె మండు విధము

కట్టె మూడు దశలలో మండును. మొదట దానిలోని నీరు ఆవిరియై పోవును. పిదప కట్టె కాగి, లోపలి పదార్థము వాయువులుగా మాఱి వెలువడును. మనము మంట యనునది ఈ వాయువులు మండుటయే. ఎండుకట్టె బరువులో ముప్పాతిక వంతునకు మించి యీ రూపముననే పోవును. కడపట మిగిలిన బొగ్గు, మంట లేక, ఎఱ్ఱగా కణకణలాడుచు కాలును. వాయువులకు తగినంత గాలియు వేడిమియు దొరకినచో మంటయగును. దొరకనిచో అవియే పొగయై కప్పు క్రింద నిలుచును. అనగా పొగ యనునది మండవలసి యుండియు మండని వంటచెఱకు. పొగ చూచినపుడు కండ్లకు బాధ యనుకొందుము గాని, మన సొమ్ము గాలిలో పోవుచున్నదనియు తలంపవలయును.

ఇక అందఱును ఆశ్చర్యపడు విషయమొకటి చెప్పెదను. తూకమున సమానముగా తీసికొని, సమానముగా ఎండబెట్టినచో, ఏ జాతి కట్టె యైనను ఇంచుమించు ఒక్కటే వేడి నిచ్చును. ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ వేడిచేయుటకు కావలసిన వేడిని ఒక పెద్ద కాలరీ యందురు. బొత్తిగా తడి లేని కట్టె కిలో ఒకటికి సుమారు 4500 మొదలు 5000 వఱకు పెద్ద కాలరీల వేడి కలదు. బూరుగు మొదలు చండ్ర వఱకు చాలమట్టుకు ఈ రెండు సంఖ్యల నడుమనే యిముడును.

అట్లయిన మంచి కట్టె, చెడ్డ కట్టె యను భేదమెక్కడిది? భేదము చిక్కదనమున నున్నది. ఒక ఘనపు మీటరు సరుగుడు కట్టె ఎండిన తరువాతను 800 కిలోలకు పైగా తూగగా, అంతే పరిమాణము గల బూరుగు కట్టె 400 కిలోలకు లోపుగానే తూగును. అనగా రెండు బండ్ల బూరుగు ఒక బండి సరుగునకు సరిపోవుట కష్టము. చిక్కని కట్టె మెల్లగా అంటుకొని, నిలుకడగా మండి, గట్టి నిప్పులను విడుచును. పలుచని కట్టె భగ్గున మండి, చప్పున చల్లారును.

దీనినుండి బేరము చేయువారికి ఒక సూత్రము తేలుచున్నది. కట్టెల అడితిలో తూకమునకు కొనునపుడు ముఖ్యముగా చూడవలసినది ఎండు. మోపునకో బండికో కొనునపుడు ఎండుతోపాటు జాతిని కూడ తప్పక చూడవలయును.

తడి కట్టె చేయు నష్టము

అప్పుడే నఱికిన కట్టె బరువులో ఇంచుమించు సగము నీరే యుండవచ్చును. ఎండలో బాగుగా ఆఱిన కట్టెలో నూటికి 15 మొదలు 20 పాళ్లు మాత్రమే యుండును. ఆ నీటిని ఆవిరి చేయనిదే కట్టె మండదు. ఒక కిలో నీరు ఆవిరి యగుటకు సుమారు 600 పెద్ద కాలరీల వేడి కావలయును. ఈ వేడి కుండకు చేరదు.

లెక్క చూడుడు. బాగుగా ఎండిన కట్టె కిలో ఒకటికి పొయ్యిలో వాస్తవముగా వెలువడు వేడి సుమారు 3600 పెద్ద కాలరీలు. సగము నీరుగల పచ్చికట్టె కిలో ఒకటికి వెలువడునది 1900 మాత్రమే. అడితిలో నూఱు కిలోల పచ్చికట్టె కొన్నవాడు ఏబది కిలోల నీటికి వెల యిచ్చి, దానిని తన బండిపై మోయించుకొని, ఇంటికి తెచ్చి, మిగిలిన కట్టెతో దానిని ఎండబెట్టుకొనుచున్నాడు. అంతతో పోక, తడి కట్టె మంట చల్లగా నుండుటచే వాయువులు పూర్తిగా మండక పొగయగును. కుండలకు మసి హెచ్చును.

ఎండిన కట్టెను గుర్తించుట కష్టము కాదు. కొనలందు నెఱ్ఱెలు వాఱి యుండును. బెరడు వ్రేలితో పెకలించిన వచ్చును. రెండు ముక్కలను కొట్టినచో ఖంగుమను ధ్వని వచ్చును గాని దబ్బుమనదు. పొయ్యిలో పెట్టినపుడు వెనుక కొనను నురుగు పొంగి బుసబుసలాడినచో అది తడి కట్టె.

పచ్చిగా నుండగనే చీల్చుట మేలు. నిండు దుంగ బెరడులోపల నెలల తరబడి తడి నిలుపుకొనును. చీలిక నలుదిక్కుల నుండి ఆఱును. మాఘ ఫాల్గుణములలో నఱికి, చీల్చి, అడుగున రెండు కొయ్యలు వేసి నేల తగులకుండ, గాలి యాడునట్లు పేర్చినచో, వేసవి యెండలకు చక్కగా ఆఱి, తొలకరి నాటికి సిద్ధముగా నుండును. ఆ మీదట కప్పు క్రిందికి చేర్పవలయును. ఎండిన కట్టెను వానలో విడుచుట, ఎండిన ధాన్యమును వానలో విడుచుట వంటిదే.

జాతుల వారీగా

మొదటి తరగతి, చిక్కని కట్టెలు. వీనిలో చండ్రను ముందుగా చెప్పవలయును. మిక్కిలి కోపగించినవానిని చండ్రనిప్పులు చెఱుగుచున్నాడని మనవారనుట మీరెఱుగుదురు. ఆ నిప్పులు ఈ చెట్టువే. వానికంత వేడి కలదు. కాచు తీయునదియు దీని చేవనుండియే. కాని నేడిది పొయ్యికి దొరకుట యరుదు. తిరుమాను అంతటి చిక్కని కట్టె. బొగ్గునకును, పొయ్యికిని మేలైనది. నారేపి యైతే ఎండియు నీట మునుగునంత బరువు. అంటుకొనుట యాలస్యము, అంటుకొన్న పిదప ఆఱుటయు నాలస్యమే.

నల్లతుమ్మ మన మెట్ట గ్రామములకును, చెఱువు శిఖములకును పాతకాపు. నిలుకడయైన మంట, చక్కని నిప్పులు. కాని దీని చేవ నాగళ్లకును, బండి సామగ్రికిని పనికివచ్చును. కాయలు మేకలకు మేత. పట్ట తోళ్ల పదునుకు వాడుదురు. మానును పొయ్యిలో పెట్టుట దుబారా. కొమ్మలు మాత్రమే వంటకు వాడుడు.

సర్కారుతుమ్మ పరదేశపు చెట్టు. ఇది 1877 ప్రాంతమున కడప మండలమునకు తేబడి, అక్కడి నుండి వ్యాపించినది. దీనివలె తిట్లు తిన్న చెట్టు లేదు, దీనివలె పొయ్యిలను నిలిపిన చెట్టును లేదు. కట్టె చిక్కనిది, పూర్తిగా ఆఱకున్నను తగుమాత్రము మండును, బొగ్గు శ్రేష్ఠము. నఱికిన మోడునుండి మరల చిగిర్చును. ఆ గుణమే పొలమునకు శత్రువు. పశువులు కాయలు తిని, పేడతో విత్తనములను వెదజల్లుటచే బీళ్లును, చెఱువులును, కాలువలును దీనిచే నిండిపోవుచున్నవి. దీనిని క్రొత్తగా నాటవద్దు. ఉన్నదానిని మాత్రము నఱికి వాడుకొనుడు. వ్రేళ్లతో త్రవ్విననే గాని పోదు. ముల్లు గుచ్చుకొన్నచో పుండుపడును గావున నఱుకువారు చెప్పులు తొడుగుకొనవలయును.

సరుగుడు కోస్తా యిసుక నేలల కట్టె. పందొమ్మిదవ శతాబ్దమున రైలు యంత్రముల వంటచెఱకు కొఱకు చెన్నపట్టణ రాష్ట్రపు కోస్తాలో దీని తోటలు వేయబడినవి. తిన్నని కొయ్య, తక్కువ పొగ, తక్కువ బూడిద, మిక్కిలి వేడి. సగమాఱినదియు మండును. వ్రేళ్ల బుడిపెల ద్వారా గాలిలోని నత్రజనిని నేలకు చేర్చును. నాలుగైదేండ్లలో కోతకు వచ్చును. అయితే మోడునుండి బాగుగా చిగురింపదు; మరల నాటవలసినదే.

చింత చేవ మిగుల గట్టిది. గొడ్డలి వంగునే గాని చింత మొద్దు పగులదని కట్టెలు కొట్టువారి వాదు. చీల్చగలిగినచో వేడికి కొదువలేదు. తుపాకి మందునకు దీని బొగ్గును పూర్వము కోరి వాడెడివారు. కాయుచున్న చింతను వంటకై నఱుకుట యవివేకము. పడిన కొమ్మలే వంటకు చాలును.

రెండవ తరగతి, నడిమి కట్టెలు. వేప చక్కగానే మండును, పొగ మాత్రము ఘాటు. ఆ పొగకు దోమలు తొలగునని పశువుల కొట్టమున వేపాకు పొగ వేయుట మనకు వాడుకయే. వంటింట నది వాంఛనీయము గాదు. కానుగ మధ్యమము, దాని యాకు వరిమడికి పచ్చియెరువు గావున, కొమ్మను పొయ్యికిని ఆకును మడికిని పంచుడు. నీలగిరి ఎండినచో వేడి బాగు, మంట దూకుడు. పచ్చిగా నున్నపుడే చీల్చవలయును, ఎండిన పిదప మెలిపడి గొడ్డలికి లొంగదు. సుబాబుల్ తక్కువ బూడిదతో, తక్కువ పొగతో మండును, మోడు చిగిర్చును, లేతయాకు పశువులకు మేత, అయితే మేతలో కొంత పాలు మాత్రమే యుండవలయును. మామిడి తేలికగా అంటుకొనును, నిప్పులు నిలువవు. నిలువచేసినచో పుప్పిపురుగు పట్టును గావున ఆ యేడే వాడవలయును.

మూడవ తరగతి, పలుచని కట్టెలు. బూరుగు, మునగ, మోదుగ, గుంపెన మొదలగునవి రాజవేయుటకు పనికివచ్చును గాని, వంట సాగించుటకు రావు. మఱ్ఱి, రావి, మేడి పాలుగల చెట్లు. పొగ హెచ్చు, వేడి తక్కువ. నీడకు వదలుట మంచిది. తాటాకులు, కొబ్బరి మట్టలు పెనము క్రిందికి అనుకూలము. అన్నము క్రిందికి కాదు. కొబ్బరి చిప్పలో వేడి మెండు, తారు పొగయు మెండే. వెదురును చీల్చక పొయ్యిలో పెట్టవద్దు; కణుపుల నడుమ మూసికొన్న గాలి కాగి, తుపాకివలె ప్రేలి నిప్పురవలు చిమ్మును.

నాలుగవది, కాల్చగూడనివి. గన్నేరు సర్వము విషము. దాని పొగయు, దాని పుల్లతో కుండ కలియబెట్టుటయు ప్రమాదము. రంగు వేసిన తలుపు చెక్కలు, చెదలు పట్టకుండ మందు పట్టించిన కొయ్యలు వంటపొయ్యికి తగవు. వాని విషము పొగలోను, బూడిదలోను నిలుచును.

పొలపు కంపయు, పిడకయు

కందికట్టె మన యిండ్లలో చిరకాలపు వాడుక. త్వరగా ఎండును, గొడ్డలి యక్కఱలేదు, మంట యెత్తుగా లేచును. అయితే వెంటవెంట ఎగదోయుచుండవలయును. రెండు కందికట్టెల నడుమ ఒక తుమ్మ పేడు వేసినచో మంటయు, నిప్పులును సమకూడును. పత్తికట్టెయు నట్టిదే. దీనియందొక హెచ్చరిక కలదు. విచ్చని కాయలతో పత్తికట్టెను పెరటిలో వాముగా వేసినచో, అందులో గులాబిరంగు కాయతొలుచు పురుగు దాగి మఱుసటి పైరుమీద పడును. కావున కాయలను ఏఱి కాల్చి, వేసవి ముగియులోపలనే కట్టెను వాడివేయవలయును. వరి ఊక మామూలు పొయ్యిలో మండదు. దట్టించి నడుమ బెజ్జము విడుచు ఊకపొయ్యిలో మండును. దానిలో బూడిదయే యైదవవంతు.

ఇక పిడక. దాలిగుంటలో పాలు కాగుటకు పిడకను మించినది లేదని మీ యింటి పెద్దలు చెప్పుదురు. అది నిజమే, మెల్లగా మండుట దాని స్వభావము. కాని పిడకలో వేడి కట్టెకన్న చాల తక్కువ, బూడిద చాల ఎక్కువ. అంతకన్న పెద్ద నష్టమున్నది. పేడను కాల్చినచో అందలి నత్రజని దాదాపుగా అంతయు గాలిలో కలియును. నేలను మెత్తబఱచు సేంద్రియ పదార్థమును కాలిపోవును. బూడిదలో పొటాషు, భాస్వరము మాత్రము మిగులును. 1889 మొదలు 1891 వఱకు మన దేశమున పర్యటించిన వోల్కరు అను రసాయన శాస్త్రజ్ఞుడు 1893లో ప్రకటించిన నివేదికలో ఈ మాటనే నొక్కి చెప్పెను. రైతు పేడను కాల్చుట అజ్ఞానముచే గాదు, కట్టె దొరకకపోవుటచే; కావున పల్లెల చెంత వంటచెఱకు వనములు పెంచినచో పేడ పొలమునకు చేరునని యాతని వాదము. పేడనుండి వంటకును, పొలమునకును రెండింటికిని మేలు కావలెనన్నచో గోబర్ గ్యాసు తొట్టె కట్టించుకొనుడు. గ్యాసు పొయ్యికి, మడ్డి పొలమునకు చేరును.

పొయ్యి చక్కగా లేనిచో

ఎంత మంచి కట్టె తెచ్చినను, మూడు రాళ్ల పొయ్యిలో నూటికి పది మొదలు పదునైదు పాళ్ల వేడియే కుండకు చేరును. కడమ గోడలకును, గాలికిని పోవును. అయిదు లీటర్ల నీటిని 30 డిగ్రీల నుండి మరగు వఱకు తెచ్చుటకు 350 పెద్ద కాలరీలు చాలును. పదిపాళ్ల పొయ్యిలో దీనికి ఒక కిలో ఎండుకట్టె పట్టును. ఇరువది పాళ్ల పొయ్యిలో అరకిలో చాలును. ఒక పొయ్యి చక్కబఱచుట అడవిలో సగము మోపు మిగుల్చుటతో సమానము.

ఈ విషయమున మన ప్రాంతమునకు గౌరవము కలదు. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయమునకు అధిపతిగా నుండిన ఎస్. పి. రాజు గారు, మట్టితోనే కట్టదగిన పొగగొట్టపు పొయ్యిని రూపొందించి, 1953లో దానిని గూర్చి ఒక చిన్న పొత్తము ప్రకటించిరి. 1983లో కేంద్ర ప్రభుత్వము వారు మెఱుగుపఱచిన పొయ్యిల జాతీయ కార్యక్రమమును ఆరంభించి, 2002 వఱకు నడిపిరి. కట్టిన పొయ్యిలలో అనేకములు మరామత్తు లేక పాడైపోయినవి. పొగగొట్టములో మసి పేరుకొన్నచో పొగ వెనుకకే వచ్చును. కావున నెలకొకసారి గొట్టము దులుపుటయు పొయ్యిలో భాగమే యని తలంపుడు.

కట్టినను కట్టకున్నను చేయదగినవి కొన్ని కలవు. కట్టెలను బొటనవ్రేలి లావున చీల్చుడు. పొయ్యి నోటిని దుంగలతో క్రుక్కవద్దు. క్రిందనుండి గాలి పోవలయును. కట్టె కొనలే మండునట్లు కొంచెము కొంచెముగా ఎగదోయుడు. కుండపై మూత యుంచుడు. కోడిపొయ్యిపై నీళ్లు పెట్టుడు. బూడిదను దినదినము తీసివేయుడు.

పొగలోని సన్నని మసిరేణువులు ఊపిరితిత్తుల లోపలి కంట పోవును. పసిబిడ్డలకు న్యుమోనియా, వయసు చెల్లిన స్త్రీలకు విడువని దగ్గు, ఆయాసము, కంటి శుక్లములు దీనివలన హెచ్చునని వైద్యులు నిర్ధారించినారు. చంటిబిడ్డను చంకనెత్తుకొని ఊదుగొట్టము ఊదు తల్లిని మీరు చూడనివారు కారు. తలుపులు మూసిన గదిలో నిప్పుల కుంపటి నుంచుకొని పరుండుట ప్రాణాంతకము. రంగును వాసనయు లేని విషవాయువు నిప్పులనుండి వెలువడును.

మీ యింటనే పరీక్ష

నా మాటను నమ్ముట కన్న మీరే పరీక్షించుట మేలు. ఒకే పొయ్యి, ఒకే కుండ, అయిదు లీటర్ల నీరు తీసికొనుడు. ఒక్కొక్క జాతి ఎండుకట్టెను రెండేసి కిలోలు తూచి వేఱువేఱుగా ఉంచుడు. నీరు మరగుటకు పట్టిన కాలము వ్రాసికొనుడు. మరగగానే మంట నార్పి, మిగిలిన కట్టెను, బొగ్గును తూచుడు. ఒక్కొక్క జాతికి మూడుమార్లు చేసి సగటు చూడుడు. గాలి లేని వేళ చేయవలయును. అదే జాతి పచ్చికట్టెతో ఒకమారు చేసినచో, జాతి భేదము కన్న తడి భేదమే పెద్దదని మీకే విశదమగును.

గట్టున చెట్టు

పై మాటల ఫలమేమనగా, ప్రతి పట్టాదారుడును తన వంటచెఱకు తానే పండించుకొనవలయును. పనికిరాని గట్లపైనను, బావి చుట్టును, కంచె పొడవునను నాటుడు. ఇసుక నేలకు సరుగుడు, మెట్ట నల్లరేగడికి నల్లతుమ్మ, గట్లకు కానుగ, వేప యనుకూలములు. అన్నిటిని ఒకేమారు నఱుకక, వరుసను భాగములు చేసి, ఏటికొక భాగమును కొట్టుచు పోయినచో పొయ్యి యెన్నడును ఆఱదు. అయితే పట్టా భూమిలోని చెట్టైనను నఱుకుటకు, 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము ననుసరించి, కొన్ని జాతులకు తప్ప అనుమతి కావలయును. గొడ్డలి యెత్తుటకు పూర్వము అటవీ శాఖవారిని విచారింపుడు.

తుదకొక మాట. మీ యింటికి ఎండు పేళ్లు పేర్చి యుండవచ్చును. మీ పొలమున కూలికి వచ్చు ఆడుమనిషి సాయంకాలము నెత్తిమీద మోసికొని పోవునది పచ్చికంప. ఆ రాత్రి ఆమె గుడిసెలో లేచు పొగ మనము ఇంతవఱకు చెప్పుకొన్న నష్టములన్నిటికిని నిలయము. గట్టు చెట్లను కొమ్మలు కొట్టించినపుడు, అందులో ఆమె పాలు ఎండిన పిదప ఇచ్చినచో మీకు తఱుగునది స్వల్పము, ఆ బిడ్డలకు కలుగు మేలు గొప్పది.

జ్ఞాపకముంచుకొనవలసినవి:

1. తూకమునకు కొనునపుడు ఎండు చూడుడు. మోపునకు కొనునపుడు ఎండుతోపాటు జాతి చూడుడు.

2. పచ్చిగా చీల్చి, వేసవిలో ఆరబెట్టి, తొలకరికి ముందు కప్పు క్రింద చేర్చుడు.

3. రాజవేయుటకు పలుచని కట్టె, వంట సాగించుటకు చిక్కని కట్టె.

4. పేడ పొలమునకు, కట్టె పొయ్యికి.

5. గన్నేరు, రంగు చెక్క పొయ్యి దరికి రానీయవద్దు.

6. ఒక చెట్టు నఱికినచో రెండు నాటుడు.